రథవీధిలో పావుగంట

మా ఇల్లు బాపట్లలో, వేణుగోపాలస్వామి గుడి నుంచి ఎడమ చేతి వైపు ఏడవది. వైశాఖంలో స్వామి కల్యాణం అయిన మర్నాడు రథం మా గుమ్మం ముందు నుంచే వెళుతుంది. అందుకే దీన్ని రథవీధి అంటారు. ఈ వీధికి ఒక నియమం ఉంది. ఏ ఇంట్లోనైనా శవం ఉంటే, అది లేచి వీధి దాటేదాకా స్వామికి నివేదన జరగదు. స్వామి పస్తుంటే అర్చకులూ పస్తే. ఇరుగుపొరుగు ఇళ్ళలో పొయ్యి వెలిగించరు. మామూలు రోజుల్లో దీనివల్ల పెద్ద ఇబ్బంది రాదు. బంధువులు వచ్చేదాకా అందరూ ఓపిక పడతారు. రథం రోజున మాత్రం ఆగరు.

నా భార్య సరోజిని పోయిన సంవత్సరం రథం రోజున, ఉదయం అయిదూ నలభైకి చనిపోయింది.

రథం మా ఇంటి ముందు ఆగినప్పుడు పంచడానికి ఆమె పెసరపప్పు నానబోసింది. పొద్దున్నే లేచి, స్నానం చేసి, పప్పులో నీళ్ళు వంచుతూ, "చెమటలు పడుతున్నాయండీ, ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పండి" అంది. తిప్పాను. బల్ల మీద కూర్చుంది. "డాక్టర్ని పిలవనా" అని అడిగితే, "రథం రోజున డాక్టరేంటి, కాసేపు కూర్చుంటే తగ్గుద్ది" అంది. నేను ఆ మాట విని చెప్పులు వేసుకోవడానికి ఆలస్యం చేశాను. పక్కవీధి డాక్టరు వచ్చేసరికి అంతా అయిపోయింది. అతను నా పాత విద్యార్థి. స్టెతస్కోపు మెడలోంచి తీసి చేతిలో మడిచి పట్టుకుని, "సార్" అన్నాడు.

మాకు ఒక్కతే కూతురు, హరిచందన. రేపల్లెలో బ్యాంకులో పనిచేస్తుంది. కల్యాణానికి సెలవు దొరకలేదని రాలేదు. ఆ కారణంగా తల్లీకూతుళ్ళు ఫోనులో మాటామాటా అనుకుని, రెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. రథం అయ్యాక తనే ఫోన్ చేస్తానని సరోజిని ముందురోజు నాతో అంది.

ఆ ఫోను నేను చేశాను. "అమ్మ పోయిందమ్మా" అన్నాను. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఈ సంగతి చెప్పడానికి ఇంకో పద్ధతి తెలియలేదు.

"నాన్నా, నేను వచ్చేదాకా ఉంచండి" అంది. "నేను అమ్మ ముఖం చూడాలి. నేను చూడకుండా తీసుకెళ్ళొద్దు."

"ఉంచుతాను" అన్నాను.

రేపల్లె నుంచి మా ఊరికి చెరుకుపల్లి మీదుగా గంటన్నర. అంత పొద్దున బస్సు లేదు. అల్లుడు రవిశంకర్ ఎవరిదో కారు అడిగి, ఇద్దరూ బయలుదేరేసరికి ఆరున్నర అయింది.

ఆరుంబావుకే వెంకట్రామయ్యగారు వచ్చారు. ఆయన ఉత్సవ కమిటీ అధ్యక్షులు. ఒకప్పుడు రైసుమిల్లు ఉండేది. మనిషి చెడ్డవాడు కాదు. సరోజినిని చెల్లెమ్మా అని పిలిచేవారు. గుమ్మంలోనే కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. వెనక ఇంకో ఇద్దరు సభ్యులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ నుదుటి మీద నామాలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"అమ్మాయికి చెప్పారా మాస్టారూ?"

"చెప్పానండి. బయలుదేరుతోంది."

"ఎన్నింటికి రావచ్చు?"

"ఎనిమిదవుతుందేమో."

ఆయన గడియారం చూసుకున్నారు. ఒక సభ్యుడు గొంతు సవరించుకుని, "రథారోహణం ఎనిమిదీ నలభైకండి" అన్నాడు. నాకు తెలుసు. ఆహ్వాన పత్రిక రాసింది నేనే. పద్దెనిమిదేళ్ళుగా నేనే రాస్తున్నాను. కల్యాణం రోజు మైకులో మాట్లాడేదీ నేనే.

"అంతకుముందు వీధి కడగాలి, సంప్రోక్షణ జరగాలి" అన్నారు వెంకట్రామయ్యగారు. "ఆ తరువాత గదా స్వామికి నివేదన. స్వామికి ఇంకా బాలభోగం కూడా కాలేదు మాస్టారూ. ఏడున్నరకల్లా కదిలితే..." అని ఆగి, నా పక్కన కుర్చీలో కూర్చుని, చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పారు. "చెల్లెమ్మ పోవడం కూడా చూడండి, స్వామి పండగ రోజునే పోయింది. ఎంతమందికి వస్తుంది ఆ అదృష్టం? స్వామి గుడిలోంచి బయటికి రాకముందే దారి తుడిచినట్టు తను ముందు వెళుతోంది. మనం ఆపి, ఆమె పుణ్యానికి అడ్డం రావడం ఎందుకు?"

అవి నా మాటలు.

తొమ్మిదేళ్ళ కిందట వీధి చివర ఇంట్లో సావిత్రిగారి భర్త ఇలాగే రథం రోజున పోయారు. ఆమె చిన్నకొడుకు తెనాలిలో ఉండేవాడు. వాడు వచ్చేదాకా శవాన్ని కదలనివ్వనని ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కమిటీవాళ్ళు ఎంత చెప్పినా లేవలేదు. అప్పుడు వెంకట్రామయ్యగారు నా దగ్గరికి వచ్చి, "మీరైతే నొప్పి తెలియకుండా చెబుతారు మాస్టారూ" అన్నారు. నేను వెళ్ళాను. ఆవిడ పక్కన కింద కూర్చుని ఈ మాటలే చెప్పాను. బాగా చెప్పానని నాకే అనిపించింది. ఆవిడ లేచి పక్కకు తప్పుకుంది. కొడుకు తెనాలిలో రైలు ఎక్కేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. ఆ సాయంత్రం మైకులో రథోత్సవం దిగ్విజయంగా జరిగిందని చెప్పింది కూడా నేనే.

ఇప్పుడు సావిత్రిగారు మా ఇంట్లోనే ఉంది. పునిస్త్రీలు సరోజిని కాళ్ళకు పసుపు రాస్తుంటే, ఆవిడ ముట్టుకోకుండా వంటింటి గుమ్మం పక్కన బిందె పట్టుకుని నిలబడి ఉంది. వెంకట్రామయ్యగారి మాటలు ఆవిడకు వినపడ్డాయి. నన్ను చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"అమ్మాయి ముఖం చూడాలంటోంది" అన్నాను.

"చూడాలి, ఎందుకు చూడకూడదు?" అన్నారు వెంకట్రామయ్యగారు వెంటనే. "ఈ రోజుల్లో ఏముంది మాస్టారూ! వీడియో కాల్ పెడదాం. మా మనవడు దుబాయిలో ఉండి వాళ్ళ అవతలి తాతగారి కార్యం మొత్తం అలాగే చూశాడు. ఒరేయ్, ఎవర్రా అక్కడ, మంచి ఫోను ఉన్నవాళ్ళు?"

నేను నా ఫోనులోనే చేశాను. హరిచందన ఎత్తింది. కారు అద్దంలోంచి వెలుతురు ఆమె చెంప మీద కదులుతోంది.

"నాన్నా, ఏంటి, వీడియో ఏంటి?"

"అమ్మను చూపిస్తానమ్మా. ఒకవేళ ఆలస్యమైతే..."

"వద్దు!" అంది. ముఖం పక్కకు తిప్పుకుంది. "నాన్నా, ఫోన్లో చూపించొద్దు. నేను వస్తున్నాగా. రేపల్లె దాటాం. మీరు ఉంచుతానన్నారు."

"అన్నాను."

"మరి ఉంచండి."

నేను ఫోను పెట్టేశాను. వెంకట్రామయ్యగారు నిట్టూర్చి, "చిన్నపిల్ల" అన్నారు. హరిచందనకు ముప్పై ఒకటి.

ఏడు గంటలకు పురోహితులు వచ్చారు. ఆయన మాట్లాడకుండా పని చేసుకుపోయే మనిషి. ఆ రోజు మరీ తొందరగా చేశారు, ఎందుకంటే రథం దగ్గర మంత్రపుష్పం చెప్పవలసినవాళ్ళలో ఆయన కూడా ఒకరు. పాడె కట్టినవాళ్ళంతా మా వీధివాళ్ళే. ఎవరూ కఠినంగా ప్రవర్తించలేదు. ఒక్కొక్కరూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్కో పని పూర్తి చేసి వెళ్ళారు. కుండ వచ్చింది. పూలదండలు వచ్చాయి. దండలు రథానికి తెచ్చినవాటిలోంచే ఇచ్చారు. మంచి దండలు. వంటింట్లో పెసరపప్పు గిన్నె ఎవరో తీసి పెరట్లో పెట్టారు, మైలపడింది కాబట్టి.

ఏడూ ఇరవైకి శరీరాన్ని వ్యానులో ఎక్కించారు. శ్మశానం దూరం. ఈ వ్యాను నడిపేది మీరా మొహిద్దీన్. ఊళ్ళో ఏ కులంవాళ్ళు పోయినా అతనే తీసుకెళతాడు. అతని కూతురు నౌషీన్ నా దగ్గర తొమ్మిదో తరగతి చదువుతోంది.

నేను మళ్ళీ ఫోన్ చేశాను.

"పిట్టలవానిపాలెం వచ్చేశాం నాన్నా. రోడ్డు మీద జొన్నలు ఆరబోశారు, ఒక పక్కే పోవాల్సొస్తోంది. పావుగంట. మహా అయితే ఇరవై నిమిషాలు. ఉన్నారుగా?"

"ఉన్నాం."

ఫోను చేతిలో పట్టుకునే వెంకట్రామయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆ ఉదయం మొత్తంలో నేను నోరు తెరిచి అడిగింది అప్పుడే. "పావుగంట ఆగుదామండి. పిట్టలవానిపాలెం వచ్చేశారు."

ఆయన నన్ను కాదనలేదు. కాదంటే బాగుండేది.

"మీ ఇష్టం మాస్టారూ" అన్నారు. "మీరు ఆపమంటే ఆపుతాం. ఈ వీధిలో మీ మాట కాదనేవాళ్ళు ఎవరున్నారు? కాని చుట్టుపక్కల ఊళ్ళనించి జనం వచ్చి ఎండలో కూర్చున్నారు. అర్చకులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ముహూర్తం దాటితే ఇక ఈ ఏడు రథం లేదు. అది కూడా మీకు తెలుసు. మీరే చెప్పండి, ఏం చేద్దాం?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. వాళ్ళలో నా విద్యార్థులు ఉన్నారు, విద్యార్థుల తండ్రులు ఉన్నారు. నేను చెప్పవలసిన మాట ఒక్కటే, ఆగండి అని. అది నోటి దాకా వచ్చింది. నా సొంత దుఃఖం కోసం ఇంతమందిని ఎండలో కూర్చోబెడతానా అనిపించింది. పద్దెనిమిదేళ్ళుగా మైకులో క్రమశిక్షణ గురించి చెప్పినవాణ్ణి. నేను ఏమీ అనలేదు. వాళ్ళు దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నారు.

నేను వ్యాను పక్కకు వెళ్ళగానే మీరా మొహిద్దీన్ నా చెవి దగ్గరగా వచ్చాడు.

"సార్, పాప వస్తోందంట గదా."

"అవును."

"అయితే బండి స్టార్ట్ కావట్లేదని చెప్తా. పావుగంట ఏంటి, అర్ధగంట చేస్తా. బానెట్ ఎత్తి నిలబడితే నన్నెవరు అడుగుతారు సార్?"

"వద్దు మొహిద్దీన్. అబద్ధం ఎందుకు?"

"అబద్ధం కాదు సార్, బ్యాటరీ నిజంగానే వీకు. నిన్న పేరాల్లో తోయించుకుని వచ్చా. ఇయ్యాల మంచిగా ఉందంతే. నేను మంచిగా లేదంటే లేనట్టే గదా."

"వద్దు" అన్నాను. "శవం దగ్గర అబద్ధాలు వద్దు."

అతను నన్ను ఒక క్షణం చూశాడు. "మీ ఇష్టం సార్" అని ఎక్కి తాళం తిప్పాడు. బండి ఒక్కసారికే స్టార్ట్ అయింది.

నేను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున ఒక్క మనిషి నాకు దారి చూపించాడు. ఆ దారి చిన్న అబద్ధం గుండా వెళుతుందని నేను దాన్ని వద్దన్నాను. బళ్ళో పిల్లవాడు ఇలాంటి జవాబు రాస్తే పూర్తి మార్కులు వేసి ఉండేవాణ్ణి.

తడిబట్టలతో కర్మ చేయాలి కాబట్టి ఫోను ఇంట్లోనే బల్ల మీద వదిలేశాను. వ్యాను వెనక నలుగురు బిందెలతో నీళ్ళు కొడుతూ, చీపుళ్ళతో వీధి ఊడుస్తూ వచ్చారు. మేం మలుపు తిరిగేలోపలే గుడిలో గంట మోగింది.

శ్మశానంలో కూడా ఆపవచ్చు. అక్కడ ముహూర్తం లేదు. కాని మోసినవాళ్ళంతా స్నానం చేసి, బట్టలు మార్చుకుని, రథం తాడు పట్టవలసినవాళ్ళు. పురోహితులు ఒక మంత్రం చదువుతూనే తరువాతి వస్తువు కోసం చెయ్యి చాపుతున్నారు. నేను ఆయన చెప్పినట్టల్లా చేశాను. కుడి వైపు తిరగమంటే తిరిగాను, ఎడమ వైపు తిరగమంటే తిరిగాను. నీళ్ళకుండకు చిల్లు పెట్టారు. కట్టెలు పేర్చారు. నిప్పు నా చేతికి ఇచ్చి, "వెనక్కి చూడకండి" అన్నారు. ఎనిమిది గంటలకు అంటించాను.

ఎనిమిదీ పదికి గేటు దగ్గర ఆటో ఆగింది. హరిచందన దిగింది. ఆమె వెనక సావిత్రిగారు దిగింది.

తరువాత తెలిసింది. రథం కోసం పోలీసులు వీధి మొదట్లో తాడు కట్టి కారు ఆపేశారట. హరిచందన అక్కడే దిగి, జనంలోంచి ఇంటిదాకా పరిగెత్తింది. ఇల్లు అప్పటికే కడిగి ఉంది. గుమ్మంలో సావిత్రిగారు ఒక్కతే ఉంది. ఆవిడే చెయ్యి పట్టుకుని వెనక సందులోంచి తీసుకెళ్ళి ఆటో ఎక్కించింది. అంతకుముందు హరిచందన నా ఫోనుకు పదకొండుసార్లు చేసిందట.

పురోహితులు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆడవాళ్ళు ఇక్కడికి రాకూడదమ్మా."

"రాకపోతే ఏమవుద్దో నాకు తెలుసు, తప్పుకోండయ్యా" అంది సావిత్రిగారు. ఆవిడ గొంతు అంత పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన తప్పుకున్నారు.

హరిచందన వచ్చి నా పక్కన నిలబడింది. ఏడవలేదు. కట్టెలు మొత్తం కప్పి ఉన్నాయి. మంట ఇంకా పైకి లేవలేదు, పొగ ఎక్కువగా ఉంది. ఆమె కాసేపు అటూ ఇటూ చూసి అడిగింది.

"నాన్నా, తల ఎటువైపు?"

చూపించాను. ఆమె ఆ వైపు వెళ్ళి నిలబడింది. పొగ ముఖం మీదికి వస్తున్నా కదల్లేదు. కట్టెల సందుల్లోంచి ఏదైనా కనిపిస్తుందేమోనని కొంచెం వంగి చూసింది. అప్పుడు సావిత్రిగారు వెళ్ళి భుజాలు పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది.

మోసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి కాటికాపరి, మేం నలుగురం మిగిలాం. కారు ఎక్కడో పెట్టి రవిశంకర్ కూడా నడుచుకుంటూ వచ్చాడు. మంట తగ్గేదాకా హరిచందన కదలనంది. నాకూ తొందర లేదు. బోరింగు దగ్గర అందరం బట్టలతోనే స్నానం చేసి, వెనక సందులోంచి ఇంటికి నడిచాం. అప్పటికి పన్నెండు కావస్తోంది.

సందు చివర రథవీధి కనిపిస్తుంది. అక్కడికి వచ్చి హరిచందన ఆగిపోయింది.

రథం గుడి ముందే ఉంది. చక్రాల కింద అడ్డుకొయ్యలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. స్వామి పైన కూర్చుని ఉన్నాడు. తాళ్ళు రోడ్డు మీద చాపి ఉన్నాయి. జనం అరుగుల నీడలో, షామియానా కింద కూర్చుని విసనకర్రలతో విసురుకుంటున్నారు. మజ్జిగ పంచుతున్నారు. మైకులో ఎవరో చెబుతున్నారు. "ముఖ్య అతిథి గారు విజయవాడ నుంచి బయలుదేరి ప్రస్తుతం తెనాలిలో ఉన్నారు. భక్తులు దయచేసి సహనంతో ఉండవలసిందిగా కోరుతున్నాం."

అరుగు మీద కూర్చున్న ఒకాయన పక్కవాడితో అంటున్నాడు. "పదింటినించీ తెనాల్లోనే ఉన్నాడురా బాబూ."

"ఎవరింట్లోనో టిఫినుకు ఆగాడంట."

"అయితే ఇక భోజనం కూడా కానిచ్చి వస్తాడు."

ఇద్దరూ నవ్వారు. నన్ను చూసి, నా తడిపంచె చూసి, నవ్వు ఆపి లేచి నిలబడ్డారు.

హరిచందన సందులోంచి రోడ్డు మీదికి వెళ్ళింది. రథం వైపు నడిచింది. ఆమె చుడీదారు ఇంకా నీళ్ళు కారుతోంది. ముందు ఎవరూ గుర్తుపట్టలేదు. తరువాత ఒక ఆడమనిషి, "అమ్మో, మాస్టారి కూతురు, ఇప్పుడే దహనం దగ్గర్నించి వస్తోంది, ముట్టుకోకండి" అని పిల్లను వెనక్కి లాక్కుంది. జనం రెండు పక్కలా జరిగారు. సూతకంలో ఉన్నవాళ్ళు తాడు ముట్టుకుంటే స్వామిని దించి, రథం కడిగి, సంప్రోక్షణ మళ్ళీ మొదటినుంచీ చేయాలి. ఆ రోజుకు రథం ఇక కదలదు. ఈ సంగతి ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు.

తాడుకు జానెడు దూరంలో ఆగింది. షామియానాలోంచి వెంకట్రామయ్యగారు పరుగున వచ్చారు, కాని దగ్గరికి రాలేదు.

"అమ్మా చందనా, ఏంటమ్మా ఇది, వెనక్కి రా తల్లీ."

"మామయ్యగారూ, ముహూర్తం ఎన్నింటికన్నారు?"

"అది... పెద్దవాళ్ళు వస్తున్నారు గదమ్మా. ఎనిమిదీ నలభైకి స్వామిని ఎక్కించాం. ఎక్కించడమే ముహూర్తం. కదలడానికి ఏముంది, కాస్త అటూ ఇటూ."

"కాస్తంటే ఎంత?"

ఆయన షామియానా వైపు చూశారు.

"నేను పావుగంట అడిగాను" అంది హరిచందన. గొంతు పెంచలేదు. మైకు ఆగిపోవడం వల్ల అది చాలామందికి వినపడింది. "మా అమ్మను ఒక్క పావుగంట ఉంచమన్నాను. స్వామి పస్తున్నాడన్నారు. ఇప్పుడు మూడున్నర గంటలనించీ ఎండలో కూర్చోబెట్టారు గదా, అడిగారా ఆయన్ని?"

ఒక ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అర్చకులు రథం మీద నిలబడి కిందికి చూస్తున్నారు. హరిచందన చెయ్యి ముందుకు చాపింది.

వెంకట్రామయ్యగారు నా వైపు తిరిగారు. రెండు చేతులూ జోడించారు. "మాస్టారూ, మీరు చెప్పండి. మీరు చెబితే వింటుంది."

ఆ క్షణంలో నేను చాలా చేయవచ్చు. ఊరుకోవచ్చు. పొద్దున్న ఊరుకోవడం నాకు చేతనయింది. లేదా వెళ్ళి ఆమె పక్కన నిలబడి నేనే ఆ తాడు పట్టుకోవచ్చు. కాని చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన జనం, మజ్జిగ గ్లాసులు పట్టుకున్న పిల్లలు, పొద్దుటినుంచీ నిలబడి కాళ్ళు వాచిన అర్చకులు, వీళ్ళంతా ఏం చేశారు అనిపించింది. ఆ ఆలోచన న్యాయమైనదే. నా ఆలోచనలన్నీ న్యాయమైనవే.

"చందనా, వద్దమ్మా" అన్నాను. "వచ్చెయ్యి."

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. సావిత్రిగారు కూడా చూసింది. హరిచందన చెయ్యి దించుకుని, ఎవరినీ చూడకుండా, నన్ను దాటి ఇంటికి నడిచింది. దారి పొడుగునా జనం ఒత్తిగిల్లి దారి ఇచ్చారు. వెనక వెంకట్రామయ్యగారు, "మాస్టారి పెంపకం" అనడం వినపడింది.

ఒంటి గంటా ఇరవైకి రథం కదిలింది. మా గుమ్మం ముందు ఆగలేదు. మైల ఇంటి ముందు ఆపరు. గోవిందా గోవిందా అంటూ చక్రాలు గడప ముందు నుంచి వెళుతుంటే గోడలు అదిరాయి. హరిచందన లోపలి గదిలో తలుపు వేసుకుని ఉంది.

ఆ పన్నెండు రోజులూ ఆమె అన్నీ సక్రమంగా చేసింది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చింది. పిండివంటల దగ్గర నిలబడింది. నాకు వేళకు మందులు ఇచ్చింది. "భోజనం చేయండి", "స్నానానికి నీళ్ళు పెట్టాను", ఇలాంటి మాటలే మాట్లాడింది. వెంకట్రామయ్యగారు పదో రోజున వచ్చి, తల వంచుకుని కూర్చుని, ఆ రోజు తన చేతిలో లేకపోయిందని అన్నారు. హరిచందన ఆయనకు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన ఊరటపడ్డారు.

పదమూడో రోజు పొద్దున నేను ఆమెను బస్టాండుకు తీసుకెళ్ళాను. రవిశంకర్ ముందే వెళ్ళిపోయాడు. రేపల్లె బస్సు ఇంకా రాలేదు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. బ్యాగు ఆమె ఒళ్ళో ఉంది. సరోజిని చీరలు రెండు తీసుకుంది, అవి దాంట్లో ఉన్నాయి.

"నాన్నా, ఒక్కటి చెప్పండి" అంది.

"అడుగమ్మా."

"అమ్మ ముఖం ఎలా ఉంది?"

నాకు అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పింది. "ఆ రోజు. బొట్టు పెట్టాక, వ్యానులో ఎక్కించేముందు. ఎలా ఉంది? నొప్పి ఉన్నట్టుందా, మామూలుగా ఉందా? కళ్ళు పూర్తిగా మూసి ఉన్నాయా? మీరు చెబితే నేను అదే అనుకుంటాను."

గుర్తు తెచ్చుకోవడానికి కూర్చున్నాను. పసుపు రాసిన పాదాలు గుర్తుకు వచ్చాయి. దండలో కనకాంబరాల మధ్య మరువం కట్టి ఉండడం గుర్తుకు వచ్చింది. వెంకట్రామయ్యగారి గడియారం పట్టీ నల్లతోలుది, ఒక చోట చిట్లి ఉంది. గోడ గడియారంలో ఏడూ పద్నాలుగు. సభ్యుల నామాలు. ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో అందరూ కనిపిస్తున్నారు. ఆమె ముఖం దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. నేను ఆ ఉదయమంతా అందరి ముఖాలూ చూశాను, వాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో అని. ఆ ఒక్క ముఖం చూడలేదు. ముప్పై మూడేళ్ళ కాపురం, రెండు గంటలు పక్కనే ఉన్నాను, చూడలేదు.

ప్రశాంతంగా ఉంది అనవచ్చు. అందరూ అదే అంటారు. నిద్రపోతున్నట్టు ఉంది అనవచ్చు. ఆమె అదే నమ్మి, రేపల్లెదాకా అదే తలుచుకుంటూ వెళ్ళేది.

"నేను చూడలేదమ్మా" అన్నాను.

హరిచందన తల ఊపింది. బస్సు వచ్చింది. ఆమె లేచి బ్యాగు భుజానికి తగిలించుకుని, కాలు మెట్టు మీద పెట్టి ఒక్క క్షణం ఆగింది. నేను ఇంకేమైనా చెబుతానేమోనని ఆగిందనుకుంటాను. కండక్టరు, "లోపలికి జరగండమ్మా, జరగండి" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి అవతలి వైపు సీట్లో కూర్చుంది.